గుర్రం ముక్కులోకి ఫోన్ కెమెరా పైపు: గొంతు గడ్డల జబ్బుకు ఇది ఎంతవరకు పనికొస్తుంది

ఫోన్‌కు తగిలిస్తే చాలు, ఎంత సన్న సందులోకైనా దూరి లోపలి బొమ్మ చూపిస్తుందని చెప్పి అమ్మే కెమెరా పైపులు ఆన్‌లైన్‌లో వెయ్యి, పదిహేను వందలకే దొరుకుతున్నాయి. అట్టపెట్టె మీద ‘ఎండోస్కోప్’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. నిజానికి ఇవి మెకానిక్కుల కోసం, ప్లంబర్ల కోసం చేసిన సరుకు. ఇంజను సిలిండర్‌లోకి, గోడలో పోయే పైపులోకి తొంగి చూడ్డానికి బాగా పనిచేస్తాయి. మహబూబ్‌నగర్, జడ్చర్ల, నల్లగొండ, మిర్యాలగూడ వైపు బారాత్ గుర్రాలు పెట్టుకున్నవాళ్లకు, ఫాంహౌసుల్లో సరదాకు నాలుగు గుర్రాలు కట్టుకున్నవాళ్లకు మాత్రం వీటి మీద ఇంకో ఆశ ఉంది. ముక్కులోంచి చీము కారే గుర్రం గొంతులో ఏముందో డాక్టర్‌తో పని లేకుండా చూసుకోవచ్చని.

ముందే చెప్పేస్తున్నాం. మామూలు రకానికి ఈ పనిలో ఐదుకు ఒక్క స్టార్. కొన వంగే రకానికి, అదీ గుర్రాల వైద్యం చేసే డాక్టర్ చేతిలో ఉంటే, రెండున్నర. బోరు పైపులో ఏం ఇరుక్కుందో చూడాలంటే మాత్రం నాలుగున్నర ఇవ్వొచ్చు.

చూడాల్సింది ఎక్కడుంది

గొంతు గడ్డల జబ్బును డాక్టర్లు స్ట్రాంగిల్స్ అంటారు. స్ట్రెప్టోకోకస్ ఈక్వై అనే బ్యాక్టీరియా దీనికి మూలం. సోకిన 3 నుంచి 14 రోజుల్లో జ్వరం వస్తుంది. ఆ వెనకే దవడల సందున, గొంతు పక్కన గడ్డలు, ముక్కుల్లోంచి చిక్కటి పసుప్పచ్చ చీము. దవడ కింది గడ్డ బయటికి పగిలితే కంటికి కనిపిస్తుంది, కడిగితే మానుతుంది. చిక్కంతా గొంతు వెనకాల లోతుగా ఉండే గ్రంథులతోనే. అవి లోపలికి పగులుతాయి. ఆ చీము పోయి పడేది గటరల్ పౌచ్‌లో.

చెవి నుంచి గొంతుకు వచ్చే గొట్టం గుర్రానికి మధ్యలో సంచిలా ఉబ్బి ఉంటుంది, గటరల్ పౌచ్ అంటే ఆ సంచే. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ఒక్కో సంచిలో 300 నుంచి 500 మి.లీ. పడుతుంది. ఇది గాడిదకూ ఉంటుంది. ఆవుకు, బర్రెకు, మేకకు ఉండదు. అందుకే పశువుల మీదే చెయ్యి తిరిగిన డాక్టర్ ఎంత మంచివాడైనా, ఈ సంచి దగ్గరికి వచ్చేసరికి కొంచెం తడబడటం సహజం. సంచి ద్వారం గొంతు పక్కగోడలో నిలువు చీలికలా ఉంటుంది, దాని మీద మెత్తటి ఎముక మూత. పైగా ద్వారం పైన, అడుగు కింద. అందువల్ల గుర్రం తల వంచినప్పుడే లోపలి చీము బయటికి జారుతుంది. మేత తొట్టిని ఎత్తున కట్టేస్తే ఆ కాస్త కారేది కూడా ఆగిపోతుంది. గడ్డలు వచ్చిన గుర్రానికి గడ్డి, దాణా నేల మీదే పెట్టమనేది ఇందుకే.

లోపల నిలిచిన చీము నీరు ఇంకిపోయి గట్టిపడి శనగ గింజంత మొదలు రేగుపండంత దాకా ఉండలు కడుతుంది. వీటిని కాండ్రాయిడ్స్ అంటారు. జబ్బు నుంచి కోలుకున్న గుర్రాల్లో నూటికి పది దాకా ఇలా సంచిలో బ్యాక్టీరియాను దాచుకుని తిరుగుతాయి. జ్వరం ఉండదు, ముక్కు కారదు, మేత బాగానే తింటాయి. నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఇలాగే గడుస్తుంది. మాఘమాసంలో పెళ్లిళ్లు మొదలై ఫంక్షన్ హాల్ బయట నాలుగు ఊళ్ల గుర్రాలు ఒకే బకెట్‌లో మూతి పెట్టినప్పుడు జబ్బు మళ్లీ లేస్తుంది. ‘కొత్తగా ఏ గుర్రమూ రాలేదు, ఎక్కడి నుంచి వచ్చింది’ అని యజమాని తల పట్టుకునేది అప్పుడే.

కాబట్టి ఈ కెమెరాను తూకం వెయ్యాల్సింది మూడు ప్రశ్నలతో. ఆ చీలికలోంచి సంచిలోకి పోతుందా? పోతే అడుగున ఉన్నది చూపిస్తుందా? ఒక గుర్రానికి వాడినదాన్ని ఇంకో గుర్రానికి నిర్భయంగా వాడొచ్చా?

మామూలు రకం

పెట్టెలో సాధారణంగా 5.5, 7 లేదా 8 మి.మీ. మందం ఉన్న కెమెరా కొన, 1 నుంచి 5 మీటర్ల కేబుల్, కొన చుట్టూ ఆరో ఎనిమిదో ఎల్‌ఈడీ బల్బులు, వెలుతురు పెంచి తగ్గించే చక్రం, ఫోన్‌కు పెట్టే ప్లగ్గు ఉంటాయి. వాటితోపాటు కొనకు తొడిగే అద్దం, కొక్కెం, అయస్కాంతం. ఈ మూడింటినీ తీసి పక్కన పారెయ్యండి. నొక్కితే పట్టుకునే ప్లాస్టిక్ తొడుగులివి, గుర్రం ఒక్కసారి గట్టిగా చీదితే ఊడిపోతాయి. ఊడింది ముక్కులో ఇరుక్కుంటే అసలు జబ్బు కంటే పెద్ద తంటా.

5 మీటర్లది తీసుకోవద్దు. ముక్కు నుంచి సంచి ద్వారం దాకా దూరం, ముక్కు రంధ్రం నుంచి కంటి బయటి మూల దాకా ఉన్నంతే. సంచి లోపలి దాకా కలుపుకున్నా మీటరు చాలు. మిగిలిన నాలుగు మీటర్లు లద్దెలో, మట్టిలో ఈడ్చుకుంటూ తిరుగుతుంది.

ఇక అసలు లోపం. దీని కొన వంగదు. ముక్కు అడుగు దారి వెంట గొంతు దాకా తిన్నగా పోగలదు, అంతవరకు సరే. అక్కడి నుంచి పక్కగోడలోని చీలికలోకి తిరగాలి. తిరగని కొనను బలవంతంగా తోస్తే అది పై దారి పట్టి ముక్కు వెనక ఉండే ఎత్‌మాయిడ్ ఎముకల మీదికి పోతుంది. అక్కడి పొర ఎంత పలచనంటే, తగిలితే ధారగా రక్తం కారుతుంది. చాలాసార్లు దానంతట అదే ఆగేదే అయినా, చూసేవాళ్లకు గుండె జారుతుంది, గుర్రం మాత్రం మళ్లీ జన్మలో ముక్కు దగ్గరికి చెయ్యి రానివ్వదు.

రెండో లోపం, పైపు లోపల దారి లేకపోవడం. డాక్టర్లు వాడే ఎండోస్కోప్ లోపల సన్నటి గొట్టం ఉంటుంది. అందులోంచి తీగ పంపి చీలిక మూతను లేపుతారు, ఆ తీగ వెంటే స్కోప్‌ను లోపలికి జరుపుతారు. అదే గొట్టంలోంచి సెలైన్ పోసి కడుగుతారు, శాంపిల్ లాగుతారు, మందు పెడతారు. లెన్స్ మీద చీమడి పడితే నీళ్లు చిమ్మి కడుక్కునే ఏర్పాటూ ఉంటుంది. ఫోన్ కెమెరాకు ఇవేవీ లేవు. చీము కారే ముక్కులో పెట్టిన కొద్ది సెకన్లకే లెన్స్ మీద జిగురు పట్టి తెర మీద పచ్చటి మసక తప్ప ఏమీ మిగలదు. బయటికి తీసి, తుడిచి, మళ్లీ పెట్టాలి. ప్రతిసారీ గుర్రం ఓపిక కొంత తగ్గుతుంది.

చిన్న చిన్న చిక్కులు ఇంకా ఉన్నాయి. ఫోకస్ స్థిరంగా ఉంటుంది, చాలావాటిలో 3 నుంచి 8 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే స్పష్టంగా కనిపిస్తుంది. గొంతు విశాలంగా ఉంటుంది కాబట్టి అక్కడ బొమ్మ పర్వాలేదు, చీలిక దగ్గరికి వెళ్లేసరికి చెదిరిపోతుంది. తడి పొర మీద ఎల్‌ఈడీ పూర్తిగా పెడితే అంతా తెల్లగా కొట్టుకుపోతుంది, సగానికి తగ్గించాలి. చల్లటి లెన్స్ వెచ్చటి ముక్కులోకి పోగానే ఆవిరి పట్టేస్తుంది. ముందుగా గోరువెచ్చటి నీళ్లలో ఒక నిమిషం ముంచితే ఆ బాధ ఉండదు. వైఫై రకంలో బొమ్మ ఆలస్యంగా వస్తుంది. తెర మీద కనిపించేటప్పటికే గుర్రం తల తిప్పేసి ఉంటుంది. కొంటే నేరుగా ఫోన్‌కు గుచ్చే టైప్-సీ రకమే కొనండి.

లోపలికి పోయాక పైపు గొంతులో మడతపడి నోట్లోకి తిరిగే ప్రమాదం కూడా ఉంది. వెనక పళ్ల కింద పడితే కెమెరా కొన తెగి కడుపులోకి పోతుంది. ఖరీదైన ఆస్పత్రి స్కోపులకే ఈ గతి పడుతుంటుంది, దీని సంగతి చెప్పేదేముంది. తోస్తుంటే బొమ్మ ముందుకు కదలట్లేదంటే ఎక్కడో మడతపడుతోందని అర్థం. అక్కడే ఆపాలి.

దీనికి ఇచ్చిన ఒక్క స్టార్ ఎందుకంటే, గొంతు దాకా వెళ్లి చీలికలోంచి చీము కారడాన్ని ఇది చూపించగలదు. గుర్రం మింగినప్పుడు మూత తెరుచుకుంటుంది, సంచిలో చీము బాగా ఉంటే ఆ క్షణంలో సన్నటి ధార కనిపిస్తుంది. సంచి బాగా నిండితే గొంతు పైకప్పు కిందికి కుంగి ఉంటుంది, అదీ తెలుస్తుంది. ఇంకో వాడకం కూడా ఉంది. డాక్టర్ ఒక ముక్కులోంచి కొన వంగిన లోహపు కాథెటర్ (సన్నటి గొట్టం) పంపి సంచి కడుగుతున్నప్పుడు, రెండో ముక్కులోంచి ఈ కెమెరా పెడితే కాథెటర్ మూత కిందికి దూరిందో లేదో కంటితో చూసుకోవచ్చు. గుడ్డిగా చేసే పని కంటే అది మేలు. కానీ ‘చూశాం, చీము కనబడలేదు, సంచి శుభ్రం’ అని తీర్పు చెప్పడానికి మాత్రం దీనికి అధికారం లేదు. అడుగున పడున్న ఉండలు బయటి నుంచి ఎవరికీ కనబడవు.

కొన వంగే రకం

చేతి పిడి, దాని మీద తెర, చక్రం తిప్పితే కొన రెండు వైపులకో నాలుగు వైపులకో వంగే రకాలు వేరే ఉన్నాయి. ధర పది వేలు దాటుతుంది. 6 నుంచి 8.5 మి.మీ. మందం, ఒక మీటరు పొడవు ఉన్నది ఈ పనికి సరిపోతుంది. నాలుగు వైపుల రకం మేలే గానీ, రెండు వైపుల రకంతోనూ పైపును చేతిలో తిప్పుకుంటూ పని చెయ్యొచ్చు.

దీన్ని సంచిలోకి పంపడం సాధ్యమే. అందుకు గుర్రాన్ని ట్రావిస్‌లో (కదలకుండా బిగించే చట్రంలో) నిలబెట్టి, డాక్టర్ జైలజీన్ లాంటి మత్తు ఇచ్చి, తల కిందికి వాలాక మొదలుపెట్టాలి. లోపల తీగ దారి లేదు కాబట్టి మూత లేపే పని పక్కనుంచి పంపిన కాథెటర్ చెయ్యాలి. లోపలికి వెళ్లాక సంచిని రెండు గదులుగా విడదీసే స్టైలోహయాయిడ్ ఎముక కనిపిస్తుంది. లోపలివైపు గది పెద్దది. దాని అడుగునే ఆ లోతు గ్రంథులు ఉబ్బి కనిపిస్తాయి, చీము చేరేదీ అక్కడే. అదే గది వెనక గోడ మీదుగా మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని పోతుంది. మింగడాన్ని నడిపే నరాలు, గొంతు పెట్టెను కదిలించే నరాలు ఆ పలచటి పొర కిందే ఉంటాయి. పొరపాటున గీసుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ రకంతో జరిగే ప్రమాదాల్లో పెద్దది బయటికి తీసేటప్పుడు జరుగుతుంది. కొన వంచిన స్థితిలోనే లాగితే చీలిక మూత చిరుగుతుంది. చక్రాన్ని పూర్తిగా వదిలేసి, కొన తిన్నగా అయిందని తెర మీద చూశాకే లాగాలి. చౌక రకాల్లో లోపలి తీగలు త్వరగా సాగిపోతాయి, చక్రం వదిలినా కొన వంకరగానే ఉండిపోతుంది. కొనే ముందు దుకాణంలోనే పదిసార్లు వంచి వదిలి చూడండి. అమ్మేవాడు విసుక్కున్నా సరే.

రెండున్నర దగ్గరే ఎందుకు ఆగామంటే, దీనితో శాంపిల్ తీయలేం, కడగలేం. చూసి ఊరుకోవాలి. ఈ జబ్బులో చూపు కంటే శాంపిల్ ముఖ్యం.

శుభ్రం చెయ్యడం కుదురుతుందా

ఈ రెండు రకాలనూ గట్టిగా దెబ్బతీసేది ఈ మూడో ప్రశ్నే. పెట్టె మీద ‘ఐపీ67’ అని ఉంటే అర్థం ఒక మీటరు లోతు మంచినీళ్లలో అరగంట ఉంచినా నీరు దిగదని మాత్రమే. క్రిమిసంహారకంలో నానబెట్టొచ్చని కాదు. ఆస్పత్రి స్కోప్‌ను ముందు ఎంజైమ్ డిటర్జెంట్‌తో కడిగి, లోపలి గొట్టాన్ని బ్రష్‌తో తోమి, 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో లేబుల్ చెప్పినంత సేపు ముంచి, స్టెరైల్ నీళ్లతో బాగా కడుగుతారు. కడగడం చాలకపోతే ఆ మందే తర్వాతి గుర్రం గొంతు పొరను కాలుస్తుంది. ఫోన్ కెమెరాకు ఇదంతా చేస్తే ఎల్‌ఈడీల చుట్టూ ఉన్న జిగురు ఊడుతుంది, కేబుల్ తొడుగు పగుళ్లిస్తుంది. చెయ్యకుండా స్పిరిట్ దూదితో తుడిచి ఊరుకుంటే కొన అంచు సందుల్లో చీము మిగిలిపోతుంది.

అంటే ఒక గుర్రం జబ్బును రెండో గుర్రం గొంతు దాకా స్వయంగా తీసుకెళ్లి పెట్టినట్టే. ఇంకో తలనొప్పీ ఉంది. శాంపిల్‌లో బ్యాక్టీరియా డీఎన్‌ఏ కోసం వెతికే పీసీఆర్ పరీక్ష చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏను కూడా పట్టేస్తుంది. సరిగా కడగని పైపు ముట్టుకున్న ఆరోగ్యమైన గుర్రం కూడా పాజిటివ్ అని తేలి, అనవసరంగా వారాల పాటు విడిగా కట్టేయాల్సి వస్తుంది.

నల్లగొండ వైపు ఉన్నవాళ్లకు ఒక మాట. బోరు నీళ్లు గట్టివైతే సబ్బు నురగ రాదు, క్వాటర్నరీ అమ్మోనియం రకం క్రిమిసంహారకాల పదునూ తగ్గుతుంది. సామాను కడగడానికి మంచినీళ్లు వాడండి. సంచి కడగడానికి మాత్రం బోరు నీళ్లూ వద్దు, ఫిల్టర్ నీళ్లూ వద్దు. నార్మల్ సెలైన్ సీసాలే. చిక్కటి అయోడిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆ సంచిలో పొయ్యకూడదు. ఆ పొర కింద నరాలున్నాయని పైన చెప్పాం కదా.

కెమెరా అసలు పెట్టకూడని గుర్రాలు

పని లేకుండా ఊరికే నిలబడి ఉన్నప్పుడు ముక్కులోంచి రక్తం కారిన గుర్రానికి ఏ పైపూ పెట్టొద్దు. అది సంచిలో పెరిగే ఆస్పర్‌జిల్లస్ బూజు కావచ్చు. ఆ బూజు ధమని గోడను తినేస్తుంది. మొదట చారెడు రక్తం వచ్చి ఆగుతుంది, కొన్ని రోజులకో వారాలకో ఒక్కసారిగా తెగి గుర్రం ప్రాణం పోతుంది. చికిత్స లేకపోతే దాదాపు సగం గుర్రాలు ఇలాగే పోతాయి. పైపు తగిలి గడ్డకట్టిన రక్తం కదిలితే ఆ వారాలు కూడా మిగలవు. దీనికి మార్గం ఆ ధమనిని కాయిల్‌తోనో బెలూన్‌తోనో మూసే ఆపరేషన్. పెద్ద ఆస్పత్రిలో సర్జన్‌తో మాట్లాడి, అక్కడ సరంజామా సిద్ధమయ్యాకే స్కోప్.

రెండోది ఇంకా ముఖ్యం. మన దేశంలో చీము కారే ప్రతి గుర్రం ముక్కును ముందు గ్లాండర్స్ అనే ఇంకో అంటువ్యాధి అనుమానంతోనే చూడాలి. గొంతు గడ్డలు మనిషికి సోకడం చాలా అరుదు. గ్లాండర్స్ సోకుతుంది, ప్రాణాలు తీస్తుంది. ముక్కు మధ్యగోడ మీద పుండ్లు, మానినచోట నక్షత్రంలాంటి మచ్చలు, కాళ్ల మీద తాడులా ఉబ్బిన రేఖలు, వాటి వెంట పగిలే గడ్డలు కనిపిస్తే కెమెరా సంగతి మర్చిపోయి గుర్రాన్ని విడిగా కట్టి, పశువుల దవాఖానకు కబురు పెట్టండి. పైపు పెట్టగానే గుర్రం చీదుతుంది, ఆ తుంపర్లు పడేది ఫోన్ పట్టుకున్నవాళ్ల మొహం మీదే. రక్త నమూనా పశుసంవర్ధక శాఖ ద్వారా హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పరీక్షకు వెళ్తుంది. జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం 2009లో వచ్చింది, దాని కింద అనుమానం వచ్చిన వెంటనే తెలియజేయడం యజమాని బాధ్యత. ‘గుర్రాన్ని చంపేస్తారేమో’ అని దాచిపెడితే ముందుగా ఆపదలో పడేది రోజూ దాన్ని మాలిష్ చేసే సాయీసు.

అదే డబ్బుతో

పదిహేను వందలు చేతిలో ఉంటే మా ఓటు మొదట డిజిటల్ థర్మామీటర్లకు. గుర్రం మామూలు వేడి 99 నుంచి 101 డిగ్రీల ఫారెన్‌హీట్. జ్వరం వచ్చిన రెండు, మూడు రోజుల తర్వాతే ముక్కులోంచి బ్యాక్టీరియా బయటపడటం మొదలవుతుంది. ఈ రెండు, మూడు రోజుల సందే యజమానికి దొరికే అసలు అవకాశం. పూటపూటకూ వేడి చూసి, 101.5 దాటిన గుర్రాన్ని ఆ గంటలోనే వేరు చేస్తే మందలో మిగిలినవి దక్కుతాయి. ఏ కెమెరా ఇంత ముందుగా చెప్పదు. మలద్వారంలో పెట్టే థర్మామీటర్‌కు దారం కట్టి క్లిప్‌తో తోకకు తగిలించాలి, లేకపోతే లోపలికి జారుతుంది, లేదా కింద పడి పగులుతుంది. పాలమూరు ఎండల్లో పనిచేసి వచ్చిన గుర్రం ఒళ్లు ఎలాగూ కాలుతుంది. పొద్దున్నే ఎండ ఎక్కకముందు, సాయంత్రం నీడలో బాగా సేద తీరాక చూస్తేనే లెక్క సరిగ్గా వస్తుంది. జ్వరానికి సర్రా (రక్తంలో చేరే పరాన్నజీవి జబ్బు) కూడా కారణం కావొచ్చు. ఏదైనా సరే, వేరు చెయ్యడం ముందు, ఏ జబ్బో తేల్చడం తర్వాత.

తర్వాత బకెట్లకు. ఎరుపు బకెట్ జబ్బు గుర్రాలకు, పసుపు వాటితో కలిసి తిరిగినవాటికి, ఆకుపచ్చ ఏ సంబంధమూ లేనివాటికి. పనివాళ్లు ఆకుపచ్చతో మొదలుపెట్టి ఎరుపుతో ముగించాలి, వెనక్కి తిరగకూడదు. కళ్లెం, మాలిష్ బ్రష్, ముక్కు పట్టే తాడు కూడా అంతే. ఎండ తగిలే పొడి నేల మీద ఈ బ్యాక్టీరియా కొద్ది రోజుల్లోనే చస్తుంది. నీళ్ల తొట్టిలో మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు బతుకుతుంది. తొట్టి ఖాళీ చేసి, పాచి గీకి, కడిగి, అప్పుడు బ్లీచింగ్ నీళ్లు. పాచి మీదే బ్లీచింగ్ చల్లితే డబ్బు దండగ.

మూడోది, కోలుకున్న గుర్రానికి శాంపిల్ పరీక్ష. గడ్డలు మానిన మూడు వారాలకు తక్కువ కాకుండా ఆగి, రెండు సంచుల్లోనూ ఎండోస్కోప్‌తో చూసి, ఒక్కో సంచిలో 50, 60 మి.లీ. సెలైన్ పోసి వెనక్కి లాగి పీసీఆర్‌కు పంపాలి. అది కుదరకపోతే వారానికొకసారి చొప్పున మూడుసార్లు ముక్కు, గొంతు కడిగిన నీళ్లు పరీక్షించాలి. ఒక్కసారి ముక్కులో పుల్ల తిప్పి ‘నెగెటివ్’ అని రాసిచ్చిన కాగితం నమ్మి గుర్రాన్ని సంతకో జాతరకో తోలొద్దు.

స్కోప్ ఉన్న డాక్టర్‌ను వెతకడమే కష్టం, ఒప్పుకుంటాం. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనంలో జ్వరం చూస్తారు, ఇంజెక్షన్ ఇస్తారు, గడ్డ కోస్తారు. ఎండోస్కోపీ అక్కడ ఆశించొద్దు. మహబూబ్‌నగర్ నుంచైనా నల్లగొండ నుంచైనా హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లు. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకో, రేసు గుర్రాలు చూసే డాక్టర్లకో ముందు ఫోన్ చేసి, అంటువ్యాధి అనుమానమని చెప్పి, వాళ్లు రమ్మన్నాకే బండి ఎక్కించాలి. చెప్పకుండా తీసుకెళ్లి గేటు దగ్గర దించితే లోపలి గుర్రాలకు అంటించినవాళ్లవుతారు. పోర్టబుల్ ఎక్స్‌రే ఉన్న డాక్టర్ మీ ఊరి దగ్గరే దొరికితే అదీ మంచి దారి. నిలబడ్డ గుర్రం తలకు పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో సంచిలో నిలిచిన చీము మట్టం గీత గీసినట్టు కనిపిస్తుంది, ముక్కులో ఏమీ పెట్టే పని లేదు.

ఫీల్డ్‌లో తిరిగే డాక్టర్లు నిజంగా సొంత స్కోప్ కొనదలిస్తే, కోఠి సర్జికల్ దుకాణాల్లో సెకండ్ హ్యాండ్ మనుషుల గ్యాస్ట్రోస్కోప్ గురించి అడగొచ్చు. సుమారు 9 నుంచి 10 మి.మీ. మందం, మీటరుకు కాస్త ఎక్కువ పొడవు, నాలుగు వైపులా వంగే కొన, 2.8 మి.మీ. లోపలి దారి ఉంటాయి. పెద్ద గుర్రం సంచిలోకి భేషుగ్గా పోతుంది. పిల్లలకు మాత్రం ఇంకా సన్నది కావాలి. లీక్ టెస్ట్ కళ్లముందు చేయించుకోకుండా డబ్బు కట్టొద్దు. నీరు దిగిన స్కోప్ రిపేరు కొన్న ధరను మించిపోతుంది.

ఆ 2.8 మి.మీ. దారి విలువ చికిత్సలో తెలుస్తుంది. సంచిని లీటరు సెలైన్‌తో, తల కిందికి ఉంచి, రోజుల తరబడి కడిగాక డాక్టర్లు లోపల పెనిసిలిన్ జెల్ నింపుతారు. 2 గ్రాముల జెలటిన్‌ను 40 మి.లీ. స్టెరైల్ నీళ్లలో వేడి చేసి కరిగించి, 45 నుంచి 50 డిగ్రీల సెల్సియస్‌కు చల్లారాక, 10 మి.లీ. నీళ్లలో కలిపిన కోటి యూనిట్ల సోడియం బెంజైల్ పెనిసిలిన్ అందులో పోస్తారు. ఈ 50 మి.లీ.ని సిరంజీల్లో నింపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే జెల్ తయారు. ఉత్త మందు నీళ్లయితే గుర్రం తల వంచగానే బయటికి జారిపోతుంది, జెల్ అంటిపెట్టుకుని ఉంటుంది. పెట్టాక 20 నిమిషాలు తల ఎత్తి పట్టుకోవాలి. ఇక్కడ వాడేది సోడియం రకం, కండకు ఇచ్చే ప్రొకేన్ రకం కాదు. ఉండలు గట్టిపడి ఉంటే జెల్ కంటే ముందు వాటిని బాస్కెట్ తీగతో ఒక్కొక్కటీ బయటికి తియ్యాలి, మరీ ఎక్కువైతే ఆపరేషనే.

ఇప్పటికే కొనేసినవాళ్లకు

వాపసు గడువు ఉంటే వాపసు పంపండి. గడువు దాటితే, చీము కారే గుర్రానికి కాకుండా నోరు చూడ్డానికి వాడుకోవచ్చు. డాక్టర్ నోరు తెరిచి ఉంచే గ్యాగ్ పెట్టినప్పుడు వెనక దవడ పళ్ల అంచులు, బుగ్గల్లో పుండ్లు చక్కగా కనిపిస్తాయి, రికార్డు చేసి పంపుకోవచ్చు. జబ్బు గుర్రం ముక్కులో ఒక్కసారి పెట్టినా సరే, దాన్ని ఎరుపు బకెట్ పక్కనే ఉంచి, ఇంకో గుర్రం దగ్గరికి తీసుకెళ్లొద్దు. ఫోన్‌ను కూడా మరవొద్దు. చీము చేతులతో తెర ముట్టుకుని, అదే ఫోన్ జేబులో పెట్టుకుని పక్క పాకలోకి పోతుంటారు. ఫోన్‌ను పలచటి పాలిథిన్ కవర్‌లో పెట్టి వాడి, పని కాగానే కవర్‌ను గ్లౌజులతో పాటే కాల్చెయ్యండి.